ఏటండీ ఈ మనుషులు!

మీరు చూశారా? 'కేరాఫ్ కంచరపాలెం' చూశారా?

చూసినవాళ్ళు నవ్వుకోండి, ఏం పర్వాలేదు! 2018 సెప్టెంబరు 7న థియేటర్లకి వచ్చిన సినిమా అది. ఊరూవాడా చూసేసి, మెచ్చేసుకుని, ఈపాటికి మర్చిపోయి కూడా ఉంటారు. నేను మాత్రం ఇప్పుడే చూశాను. అదీ ఎక్కడ కూర్చుని? విశాఖపట్నంలో! గాజువాకలో కాంప్లెక్స్ బస్సెక్కితే, ఎన్‌ఏడీ దాటాక కిటికీలోంచి కనిపించే ఊరు కంచరపాలెం. ఆ పేరుతో ఒక సినిమా వచ్చిందని తెలుసు. చిన్న సినిమా కదా, పేరున్న నటులెవరూ లేరు కదా, తీరిగ్గా చూద్దాంలే అనుకుంటూ వచ్చాను.

పేరున్న నటులెవరూ లేరట! ఆ మాట తల్చుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది.

అయ్యా, అమ్మా, ఆ పేరు లేనివాళ్ళు ఏం చేశారో చూశారా? నవ్వించారు, మెలిపెట్టారు, సోఫాలో వెనక్కి వాలి కూర్చున్న మనిషిని అంచుకి లాక్కొచ్చి కూర్చోబెట్టారు! సినిమా అయిపోయాక లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. ఎవరికైనా చెప్పాలి, వెంటనే చెప్పాలి, గట్టిగా చెప్పాలి! అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం మొదట్నుంచీ చెప్తాను. నాలుగు ప్రేమకథలు. నాలుగు వయసులు. ఒకటే ఊరు.

బడికి వెళ్ళే సుందరం, అదే క్లాసులో సునీత. గొడవలకీ కొట్లాటలకీ ముందుండే కుర్రాడు జోసెఫ్, అతన్ని నిలేసి అడిగే బ్రాహ్మణుల అమ్మాయి భార్గవి. వైన్ షాపులో పనిచేసే గడ్డం, ఆ షాపుకొచ్చి క్వార్టర్ బాటిల్ కొనుక్కెళ్ళే సలీమా. ఇక నాలుగో జంట! గవర్నమెంటు ఆఫీసులో అటెండరు రాజు, వయసు 49, పెళ్ళి కాలేదు. అదే ఆఫీసుకి ఒడిశా నుంచి ఆఫీసరుగా వచ్చిన రాధ, వయసు 42, భర్త పోయాడు, ఎదిగిన కూతురుంది.

రాసిందీ తీసిందీ వెంకటేష్ మహా. అతనికి ఇదే మొదటి సినిమా! ఆ మొదటి సినిమాయే న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్ దాకా వెళ్ళింది. రానా దగ్గుబాటి చూసి ముచ్చటపడి తనే సమర్పించాడు. ఇవన్నీ సినిమా అయ్యాక, ఆత్రం ఆపుకోలేక వెతుక్కుని తెలుసుకున్నవే. చూస్తున్నంతసేపూ నాకు ఒకటే ప్రశ్న. ఎవరు వీళ్ళు? ఎక్కడి నుంచి పట్టుకొచ్చారు?

ఎక్కడి నుంచో కాదట! తెర మీద కనిపించేవాళ్ళలో చాలామంది ఆ ఊరివాళ్ళే, కెమెరా ముందు నిలబడ్డం చాలామందికి అదే మొదటిసారి!

పేర్లు చెప్తాను, ఒక్కొక్కటే పైకి చదవండి. రాజుగా సుబ్బారావు. రాధగా రాధా బెస్సీ. గడ్డంగా మోహన్ భగత్. సలీమాగా ప్రవీణ పరుచూరి. జోసెఫ్‌గా కార్తీక్ రత్నం. భార్గవిగా ప్రణీత పట్నాయక్. సుందరంగా కేశవ కర్రి. సునీతగా నిత్యశ్రీ గోరు. ఇందులో ఆ సినిమాకి ముందు మీరు విన్న పేరు ఒక్కటైనా ఉందా? నాకైతే లేదు!

ముందు సుబ్బారావు గారి సంగతి చెప్పనివ్వండి, లేకపోతే ఊపిరాడదు.

అటెండరు రాజు. ఊళ్ళో ఎవడికి తోచకపోయినా ఆయన పెళ్ళి గురించే మాట. వెనకాల మాట, ముఖం మీద మాట, పంచాయితీ పెట్టి మరీ అడిగే మాట. మన సినిమాల్లో ఇలాంటి పాత్రకి ఏం చేయిస్తారో మీకు తెలుసు. కళ్ళనిండా నీళ్ళు, వెనకాల వయొలిన్లు, వర్షంలో ఒంటరిగా నడక. సుబ్బారావు గారు అవేమీ చెయ్యరు! నవ్వుతారు. మామూలు నవ్వు, రోజూ మనం వీధిలో చూసే నవ్వు. ఆ నవ్వు కింద ఏముందో మనకి తెలుస్తూనే ఉంటుంది, ఆయన మాత్రం చెప్పరు. అంచుదాకా పొంగొచ్చి మూత కిందే ఆగిన పాలలా ఉంటుంది ఆ ముఖం! ఎప్పుడు పొంగుతాయో అని మనం చూస్తూ కూర్చోవాలి. రెండున్నర గంటల సినిమాలో ఆ ఆత్రం ఒక్కటి చాలు, కదలనివ్వదు.

ఆయన నడక చూడండి. ఆఫీసులో అటెండర్లకి ఒక నడక ఉంటుంది, గమనించారా? పిలిస్తే పలికే దూరంలో ఉండాలి, కాళ్ళకి అడ్డం పడకూడదు. ఆ నడకే! అలా అని రాజు ఎక్కడా జాలి అడుక్కోడు. సరదా మనిషి, అందరికీ కావలసిన మనిషి. నాకు చాలా ఆఫీసుల్లో అలాంటి రాజులు తెలుసు. టీ తెచ్చి ఇస్తే తీసుకున్నానే తప్ప ఏ రోజూ ముఖం వంక సరిగ్గా చూడలేదు. సుబ్బారావు గారు చూసేలా చేశారు!

ఆయనకి ఎదురుగా రాధా బెస్సీ. అబ్బ! ఆఫీసరమ్మ దర్జా ఒక్క వాక్యంలో తెచ్చేస్తారు, ఆ వెంటనే ఒక ఆడమనిషి ఒంటరితనం ఒక్క చూపులో తెచ్చేస్తారు. నలభై దాటిన ఇద్దరి మధ్య ప్రేమ అంటే తెలుగు సినిమా కామెడీ చేసేస్తుంది, లేదా త్యాగం చేయిస్తుంది. ఇక్కడ ఆ రెండూ లేవు. ఇద్దరు పెద్దమనుషులు సిగ్గుపడతారు, అంతే. ఆ సిగ్గు చూసి నాకు నవ్వూ వచ్చింది, గొంతుకి ఏదో అడ్డం కూడా పడింది, రెండూ ఒకేసారి!

ఇప్పుడు సలీమా. ఇది వినండి, ఇది వింటే కుర్చీలోంచి లేస్తారు!

వైన్ షాపు కౌంటరు. గడ్డం అటు, సలీమా ఇటు. ఆమె ముఖానికి ముసుగు. కనిపించేవి కళ్ళు, కళ్ళు మాత్రమే. గడ్డం ఆ కళ్ళనే ప్రేమిస్తాడు. ఆలోచించండి, నటించడానికి ఆ మనిషికి ఇచ్చిన జాగా ఎంత? నుదుటికీ ముక్కుకీ మధ్య బెత్తెడు! ఆ బెత్తెడులోనే అనుమానం, అలసట, చిరాకు, అక్కడి నుంచి ఎప్పుడు మొదలైందో తెలియకుండా మొదలయ్యే ఇష్టం. పెదవి కనపడకుండానే ఆమె నవ్వింది, నాకు తెలిసింది! మీరు చూసినప్పుడు అక్కడ కాస్త ఆగి చూడండి. కళ్ళ చివర చిన్న ముడత పడుతుంది, చాలు, కౌంటరు అవతల గడ్డం పని అయిపోతుంది!

ఎవరీ ప్రవీణ పరుచూరి అని వెతికాను. వెతికి నోరు తెరిచాను. ఆ సినిమా నిర్మాత ఆవిడే! అదొక్కటే కాదు, ఆవిడ వృత్తి గుండె వైద్యం, అమెరికాలో! అక్కడ గుండె డాక్టరు, ఇక్కడ డబ్బు పెట్టి సినిమా తీయించి, అందులో వేశ్య పాత్ర వేసి, ఆ పాత్రకి ముసుగు కప్పుకుని మమ్మల్ని ఇలా చేశారు. గుండె మీద చెయ్యేసి చెప్తున్నాను, ఆ ముసుగు వెనక నిర్మాత ఉన్నారని నేను కల్లో కూడా అనుకోలేదు!

గడ్డంగా మోహన్ భగత్ తక్కువ తిన్నాడా? పేరు గడ్డం, ముఖంలో సగం గడ్డమే. ఆవిడకి కళ్ళు మాత్రం మిగిలితే ఇతనికీ దాదాపు కళ్ళే మిగిలాయి. అలా ఇద్దరి నాలుగు కళ్ళతో ఒక ప్రేమకథ మొత్తం నడిచిపోయింది. భారీ డైలాగుల్లేవు, విదేశీ లొకేషన్లలో డ్యూయెట్లు లేవు, ఆ షాపు కౌంటరే వాళ్ళకి స్విట్జర్లాండు!

పిల్లల గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. సుందరంగా వేసిన కేశవ కర్రి, సునీతగా వేసిన నిత్యశ్రీ గోరు. సినిమా పిల్లలంటే మనకి భయం కదా? పెద్ద పెద్ద మాటలు బట్టీపట్టి అప్పజెప్పేస్తారని! వీళ్ళు పిల్లల్లాగే మాట్లాడతారు, పిల్లల్లాగే మధ్యలో ఆగిపోతారు. సుందరం వాళ్ళ నాన్న వినాయకుడి బొమ్మలు చేసే మనిషి. ఆ ఇంట్లో ఆ పిల్లాడికి దేవుడితో ఒక పేచీ వస్తుంది. ఎందుకో, ఏమవుతుందో చెప్పను. ఆ వయసు పిల్లాడి ముఖంలో అంత కోపం, అంత నిజం కోపం నేను చూడలేదు. నాకు భయమేసింది, బుజ్జగించాలనీ అనిపించింది!

జోసెఫ్, భార్గవి. కార్తీక్ రత్నం ఒంట్లో ఏదో కరెంటు ఉందండీ! నిలబడితేనే గొడవలా ఉంటాడు. అలాంటివాడు భార్గవి ఎదురుగా నిలబడి మాట తడుముకుంటాడు. ప్రణీత పట్నాయక్ అతన్ని చూసే చూపులో బెదురు లేదు, లెక్క అడిగే తీరు ఉంది. ఈ జోసెఫ్ తర్వాత ఏమయ్యాడో తెలుసా? 2021లో వచ్చిన 'నారప్ప'లో హీరో వెంకటేష్‌కి పెద్దకొడుకుగా వేసిన మునికన్న, అతనే! నేను 'నారప్ప' ముందు చూశాను. ఎవరీ కుర్రాడు, ఇంత బాగా చేశాడు అనుకున్నాను. మా ఊరి జోసెఫ్‌ అని అప్పుడు నాకేం తెలుసు! అంతేకాదు, కంచరపాలెం కథ తమిళంలోకి 'కేరాఫ్ కాదల్'గా వెళ్తే అందులోనూ ఉన్నాడు.

సరే, ఇంతమంది కొత్తవాళ్ళు, ఇంత బాగా ఎలా? నాకు అది తేలక ఆగలేదు. రెండోసారి పెట్టుకుని చూశాను. ఈసారి కళ్ళు మూసుకుని కాసేపు విన్నాను కూడా.

దొరికింది! చెవికి దొరికింది!

మన సినిమాల్లో సాధారణంగా షూటింగ్ ఒకచోట, గొంతు ఇంకోచోట. నటులు సెట్లో పెదాలు కదుపుతారు, తర్వాత స్టూడియోలో చల్లటి గదిలో మైకు ముందు నిలబడి మళ్ళీ చెప్తారు. చాలాసార్లు చెప్పేది వాళ్ళు కూడా కాదు, వేరే ఎవరో. ఈ సినిమా అలా తీయలేదు. సింక్ సౌండు, అంటే షూటింగ్ జరుగుతున్నప్పుడే మాట కూడా రికార్డయిపోతుంది. అందుకని మాటతో పాటు ఊపిరి వస్తుంది, మాట మింగిన చప్పుడు వస్తుంది, దూరంగా వీధి రొద వస్తుంది. స్టూడియోలో మళ్ళీ చెప్పమంటే సగంమంది కొత్తవాళ్ళు బిగుసుకుపోతారు. ఇక్కడ ఆ అవసరమే రాలేదు. వాళ్ళ ఊరు, వాళ్ళ గొంతు, వాళ్ళ యాస. 'ఏటి', 'ఎల్లిపోనాడు' అని మన ఉత్తరాంధ్ర మాట వినపడుతుంటే ఒళ్ళు ఝల్లుమంది! తెలుగు సినిమాలో మన యాస అంటే చాలాకాలం పనివాళ్ళకీ హాస్యగాళ్ళకీ ఇచ్చిన యాస. ఇక్కడ ప్రేమించేవాళ్ళు ఆ యాసలో ప్రేమిస్తున్నారు!

ఆ పైన స్వీకార్ అగస్తి సంగీతం. 'ఆశాపాశం' పాట విన్నారా? విశ్వా రాశారు, అనురాగ్ కులకర్ణి పాడారు. బస్సుల్లో, టీ కొట్ల దగ్గర అది వినిపిస్తుంటే బాగుందే అనుకుని ఊరుకునేదాన్ని. కథలో దాని చోటు తెలిశాక వింటే వేరే పాట అయిపోయింది!

ఆగలేక కంచరపాలెం వెళ్ళాను. ఊర్వశి జంక్షన్ దగ్గర దిగి, కంచరపాలెం మెట్టు వైపు నడిచాను. పక్కనే హైవే రొద, ఇవతల అంతా సందులు, అరుగులు, అరుగుల మీద మాటలు. రైతుబజారులోంచి సంచులతో వస్తున్న ఆడవాళ్ళు, టైరు దొర్లించుకుంటూ ఒక పిల్లాడు, ఎక్కడో రైలు కూత. నేను ప్రతి ముఖం వంకా దొంగచూపులు చూస్తున్నాను. ఈయన తెర మీద ఉన్నాడా? ఆవిడ పంచాయితీ సీనులో ఉందా? నా వాలకం చూసి టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన పట్టేశాడు.

"ఏటమ్మా, సినిమా చూసొచ్చినావా?"

"అవునండీ, ఇప్పుడే చూశాను!"

"ఇప్పుడా?" అని పగలబడి నవ్వాడు. "సర్లే, టీ తాగు. ఈ ఊళ్ళో ఎవులిని అడిగినా నాను కూడా ఉన్నానంతారు."

ఆ నవ్వు, ఆ విరుపు, టీ గ్లాసు అందించిన తీరు! కెమెరా ఒకటే తక్కువ. వెంకటేష్ మహాకి ఈ ఊరు ఎందుకు పట్టిందో నాకప్పుడు అర్థమైంది. ఇక్కడ మాట్లాడడమే సగం ప్రదర్శన!

ఇంకో ఆశ్చర్యం చెప్పనా? ఇలా ఎవరూ ఊహించని మనిషి వచ్చి తెరని కొల్లగొట్టుకుపోవడం మన సముద్రం ఒడ్డున కొత్త కాదు!

'మరో చరిత్ర' గుర్తుందా? కె. బాలచందర్, 1978. విశాఖలో, భీమిలిలో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. హీరో కమల్ హాసన్, అప్పటికే పేరున్నవాడు. హీరోయిన్ సరిత, గుంటూరు జిల్లా అమ్మాయి, అదే మొదటి సినిమా! కంచరపాలెం చూసిన వేడిలో అది కూడా పెట్టుకున్నాను. కమల్‌ని చూద్దామని కూర్చుంటే సరిత నుంచి కళ్ళు తిప్పుకోనివ్వలేదు. నల్లటి మేనిఛాయ, ఇంతింత కళ్ళు, ఆ రోజుల హీరోయిన్ల కొలతలకి ఎక్కడా సరిపోని ముఖం. అదే ముఖం కోపమొస్తే మెరుస్తుంది, బెంగపడితే చీకటైపోతుంది. రంగుల సినిమాలు రాజ్యమేలుతున్న కాలంలో ఆ నలుపూ తెలుపూ ఆమెకోసమే అనిపిస్తుంది!

ఆ సరితే తర్వాత విజయశాంతి లాంటి ఎందరో హీరోయిన్లకి తన గొంతు ఇచ్చింది. అంటే మనం థియేటర్లో చప్పట్లు కొట్టిన ఎన్నో సన్నివేశాల్లో సగం నటన ఆమెది, పేరు తెర మీది బొమ్మది! నాకు ఇది తెలియనే తెలియదు. కంచరపాలెం వాళ్ళు సొంత గొంతుతో ఎందుకంత పూర్తిగా కనిపించారో, ఈ సంగతి తెలిశాక ఇంకా బాగా అర్థమైంది. గొంతు మనిషిలో సగం.

జె.వి. సోమయాజులు గారో? మన ఉత్తరాంధ్ర మనిషి, నాటకాల్లో పండినవాడు, ఉద్యోగం డిప్యూటీ కలెక్టరు! యాభై దాటిన వయసులో, 1980లో, 'శంకరాభరణం' శంకరశాస్త్రి. హీరో అంటే కుర్రాడు, ఫైట్లు, స్టెప్పులు అనుకునే రోజుల్లో పంచె కట్టుకుని నడిచొచ్చి దేశాన్ని లేపి కూర్చోబెట్టాడు.

మన ఊళ్ళోనే సత్యానంద్ గారి నటన శిక్షణ ఉంది. పవన్ కల్యాణ్, ప్రభాస్ అక్కడ నేర్చుకుని వెళ్ళినవాళ్ళే. స్టార్లని తయారుచేసి పంపిన ఊరే, ఏ శిక్షణా లేని పక్కింటి మనుషులతో కూడా ఇలాంటి పని చేయించింది. ఒకే ఊరు, రెండు దారులు!

వెంకటేష్ మహా రెండో సినిమా కూడా వదలకండి. 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య', 2020 జూలై 30న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మలయాళం 'మహేషింటె ప్రతీకారం' కథ, అరకు మనుషుల్లోకి వచ్చి కూర్చుంది. హీరో సత్యదేవ్. విశాఖ కుర్రాడే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాడు! ఫొటో స్టూడియో నడుపుకునే సాధుజీవి నడివీధిలో అందరి ముందూ తన్నులు తింటాడు. బదులు తీర్చుకునేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకుంటాడు. ఆ తర్వాత అతని పాదాలు చూస్తూ ఉండండి! అరకు రోడ్ల మీద వట్టి కాళ్ళతో నడుస్తుంటే ఆ నడకలోనే అవమానం, మొండితనం, కాస్త నవ్వు, అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు మీ వంతు. మీరూ చూడండి! దయచేసి చూడండి!

మొదట 'కేరాఫ్ కంచరపాలెం'. కథ ఎక్కడా చదవకండి, చూసినవాళ్ళని అడగకండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పబోతే చెవులు మూసుకోండి! చివర్లో ఒక సంగతి తెలుస్తుంది. నేను కొట్టినా చెప్పను. అది తెలిశాక వెనక్కి వెళ్ళి ఆ నలుగురు మగాళ్ళ ముఖాలూ మళ్ళీ చూడండి. అప్పుడు సుబ్బారావు గారి నవ్వు మీకు వేరేగా కనిపించకపోతే నన్ను అడగండి. తర్వాత 'మరో చరిత్ర', ఆ తర్వాత సత్యదేవ్ పాదాలు.

ఈ ఆదివారమే పెట్టుకోండి. అమ్మనీ నాన్ననీ పక్కన కూర్చోబెట్టుకోండి, పెళ్ళికాని బాబాయి ఎవరైనా ఉంటే ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. చివరి పావుగంటలో ఎవరికి ఫోనొచ్చినా ఎత్తనివ్వకండి!